పసుపులో కొక్కెం అచ్చు

మా లైన్‌లో ఆడది కొక్కెం ముట్టకూడదు. ఎందుకు ముట్టకూడదని చిన్నప్పుడు అడిగితే మా అమ్మ వీపు మీద ఒకటిచ్చి, "అడక్కూడదు కూడాను" అంది. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

కొక్కెమంటే గోనె బస్తాకి గుచ్చి లాక్కునే ఇనప కొక్కెం. కలకత్తా పక్కన షాలిమార్ గూడ్స్ యార్డులో మా తాత దాంతోనే బతికాడు, మా అయ్యా దాంతోనే బతికాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీల జట్టుకి యార్డు గోడ పక్కన రేకుల గదులుండేవి. ఆ వరసనే లైన్ అంటాం. గది జట్టుది, జట్టులో చోటు ఇంటిది. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు లేకపోతే అల్లుడు. మా ఇంట్లో నేనొక్కదాన్నే. అంచేత నా మొగుడు బస్తాలు మోసేవాడే అవుతాడని లైనంతా నేను పుట్టినరోజే తేల్చేసుకుంది. అయ్య అప్పుడప్పుడు జట్టులో కుర్రాళ్ళని చూసి, "ఆడి నడుం బాగుందే" అనేవాడు. అల్లుణ్ణి నడుం చూసి ఎంచే తండ్రి. పాపం, ఆయన చూసిన లోకంలో మనిషికి నడుమే ఆస్తి.

లైన్ చివర అమ్మోరి గుడి. గుడంటే పెద్దగా ఊహించుకోకండి. ఇటుకల దిమ్మ, పైన ఒక రేకు, పసుపు రాసిన రాయి. పని ఆపాలని జట్టు అనుకున్నప్పుడు ప్రతి ఇంటి మగాడూ తన కొక్కేన్ని ఆ దిమ్మ మీద పెట్టి పైన పసుపు చల్లుతాడు. మళ్ళీ పని మొదలయ్యేదాకా దాన్ని కదపకూడదు. కదిపాడంటే కట్టు దాటాడని, యజమాని వైపు వెళ్ళిపోయాడని అర్థం. ఇక వాడిని జట్టు పిలవదు. పెళ్ళికి పిలవరు, చస్తే మోయరు. మా దగ్గర సంతకాలూ కాగితాలూ లేవు. కొక్కెం పెడితే మాట ఇచ్చినట్టే.

నేను చదివింది బెంగాలీ బడిలో. వీధిలో హిందీ, ఇంట్లో మా తెలుగు. ఆ తెలుగుకి అక్షరాలుంటాయని తెలుసు గానీ వాటితో నాకు పరిచయం లేదు. అమ్మ పచ్చళ్ళూ పొడులూ పట్టేది. న్యూ టౌన్‌లో ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చిన ఐటీ పిల్లలు మా అమ్మ గోంగూర కోసం ప్రాణాలిచ్చేవారు. శనివారాలు నేను సంచులు మోసుకుంటూ బస్సులు మారి వెళ్ళేదాన్ని. గేటు దగ్గర దర్వాన్ నన్ను చూడగానే సామాన్ల లిఫ్టు వైపు చెయ్యి చూపించేవాడు. ఆ అపార్ట్‌మెంట్లలో సామాన్లకి వేరే లిఫ్టు ఉంటుంది. మాలాంటి వాళ్ళకీ అదే.

ఒక శనివారం, కొత్తగా పచ్చడి అడిగిన ఒకతను తలుపు తీసి, సీసా అటూ ఇటూ తిప్పి, "ఏవండీ, దీని మీద గోంగూర అని ఉంది, లోపల మామిడికాయ ఉంది" అన్నాడు. లేబుళ్ళు అమ్మ ఎక్కడో అచ్చేయించింది, అంటించింది మాత్రం నేను.

"ఐతే ఏటి? మావిడికాయ తినరేటి మీరు?" అన్నాను.

నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏటి నవ్వుతున్నారు?"

"అబ్బే, మీరు మాట్లాడుతుంటే మా ఇంట్లో వంటావిడ గుర్తొచ్చిందండీ, అంతే."

చూశారా, అది పొగడ్త అనుకున్నాడు! వాళ్ళది గోదావరి వైపు, రైసు మిల్లులున్న ఇల్లు. వంట మా వైపు మనిషి చేసేదట. సీసా అతని చేతిలోంచి లాక్కుని వచ్చేశాను.

తర్వాతి శనివారం కింద సామాన్ల లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నాడు. తప్పుగా మాట్లాడానని చెప్పి, నాతో పాటు ఆ లిఫ్టులోనే పైకి వచ్చాడు. అదేమంత త్యాగమని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం నా మనసు అక్కడే జారిపోయింది. ఏం చేయను, ఆ వయసుకి ఆ మాత్రం చాలు.

లేబుల్ మీది 'గో'తో మొదలుపెట్టి అతనే నాకు తెలుగు చదవడం నేర్పాడు. హుగ్లీ మీద లాంచీలో, ఆదివారాలు, అవతలి ఒడ్డుకి పోయి మళ్ళీ ఈ ఒడ్డుకి వస్తూ. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు అతను దిద్దించినవే. ఆ లాంచీలో నేను పడ్డ సంతోషం మళ్ళీ ఎప్పుడూ పడలేదు, ఆ మాట దాచి ప్రయోజనం లేదు. "మా అమ్మకి నెమ్మదిగా చెప్తాను" అనేవాడు. ఆ నెమ్మది ఎంత నెమ్మదంటే నాకు గుణింతాలు వచ్చేశాయి, ఒత్తులు వచ్చేశాయి, వాళ్ళమ్మకి మాత్రం కబురు చేరలేదు. నేనూ తక్కువ తిన్లేదు. అయ్యతో ఒక్క ముక్క అనలేదు. జట్టులో చోటు, గది, అన్నీ నా మొగుడి నడుం మీద ఆధారపడి ఉన్నాయి. లాప్‌టాప్ సంచి మోయడానికే ఎడమ భుజం, కుడి భుజం మార్చుకునే మనిషిని ఏమని చూపించను?

అంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు. యార్డు కాంట్రాక్టు కొత్త కంపెనీకి వెళ్ళింది. బస్తాలు ఎత్తే యంత్రాలొస్తాయట, లైన్ కూల్చి అక్కడ గోదాము కడతారట. ఆ కంపెనీ ఆఫీసు సాల్ట్ లేక్‌లో. అతను పనిచేసే ఆఫీసే. యార్డులో ఏ సరుకు ఎప్పుడు దిగాలో లెక్క కట్టే ఇంజనీరు అతను. నాకు అతనే చెప్పాడు, తల వంచుకుని. "నిర్ణయాలు నావి కావు" అన్నాడు. నిజమే, కావు. కానీ ఆ రాత్రి అన్నం తింటుంటే అయ్య ముఖంలోకి చూడలేకపోయాను.

అయ్య మాత్రం పదేళ్ళు చిన్నవాడైపోయాడు. ఆయన జీవితమంతా ఆ లడాయి కోసమే కాచుకుని ఉన్నాడని నాకప్పుడు తెలిసింది. యార్డు గేటు దగ్గర మొదట నోరెత్తినవాడు ఆయనే. మా లైన్ ఒక్కటే కాదు, బిహారీ జట్లు, ఒడియా జట్లు, లారీ వాళ్ళు, అందరూ ఒకటయ్యారు. యూనియన్ కుర్రాడొకడు వచ్చి, ఇది విప్లవమని ఉపన్యాసమిచ్చి వెళ్ళాడు. అయ్య ఇంటికొచ్చి చెవిలో బీడీ తీస్తూ అడిగాడు.

"విప్లవమంటే ఏటే గుంటా?"

"ఉన్నదంతా తల్లకిందులైపోవడం అయ్యా."

"ఐతే మనకి కలిసొచ్చీదే. కిందున్నోలం మనవే గదా."

అని పకపకా నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. మా ఇంట్లో అలా నవ్వుకోవడం అదే ఆఖరు.

సమ్మెకి ముందురోజు పొద్దున్నే కొక్కేలు పెట్టారు. మొదట మా అయ్య పెట్టాడు, ఆ మర్యాద జట్టు ఆయనకిచ్చింది. పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది ఆయన కొక్కేనికి, చెమటకి జారకుండా. జట్టు సర్దారు, అంటే బస్తా ఎత్తేటప్పుడు కేక వేసే పెద్దమనిషి, నాకు వరసకి మావయ్య. ఆయన పసుపు చల్లుతూ, "ఇంక అమ్మోరే సూసుకుంటాది బావా" అన్నాడు. తర్వాత అంతా గేటు దగ్గర మీటింగుకి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు కూడా వెళ్ళారు. లైన్‌లో గుడి ఎదురింటి ముసలమ్మ ఒక్కతే అరుగు మీద మిగిలింది.

మధ్యాహ్నం అతని ఫోన్. లాంచీ రేవుకి వెంటనే రమ్మన్నాడు. భుజాన పచ్చళ్ళ సంచితోనే ఎండలో పరుగెత్తాను. నన్ను చూడగానే అతని ముఖం వెలిగిపోయింది. భుజానున్న సంచి తెరిచి చూపించాడు. లాప్‌టాప్ పక్కన, పేపర్లో చుట్టి, మా అయ్య కొక్కెం. ట్యూబు మీద ఇంకా పసుపు అంటుకునే ఉంది.

"రేపు పోలీసులొచ్చి ఈ కొక్కేలన్నీ ఆయుధాల కింద పట్టుకుంటారు. ఎవరి కొక్కెం ఉంటే వాళ్ళ మీద కేసు. ఇందాక మా ఆఫీసు మీటింగులో విన్నాను. నీకు ఫోన్ చేస్తే కలవలేదు. అందుకే నేనే వెళ్ళి తెచ్చేశాను. ఇక మీ నాన్నగారికి భయం లేదు" అన్నాడు. "ఎవరూ చూడలేదులే. ఒక ముసలావిడ చూసింది. నమస్కారం కూడా పెట్టాను."

నమస్కారం పెట్టాడట! ట్యూబు చుట్టిన కొక్కెం సంగతి నేనే చెప్పాను, కబుర్లలో. అమ్మోరి దగ్గర పెడతారనీ చెప్పాను. తీస్తే ఏమవుతుందో చెప్పలేదు. నిప్పు ముట్టుకుంటే కాలుతుందని ఎవరైనా పనిగట్టుకుని చెప్తారా? అప్పుడు చెప్పాను. వింటూనే అతను సంచి భుజానికెత్తుకున్నాడు.

"అయితే పద, మళ్ళీ పెట్టేద్దాం."

"లేచింది మళ్ళీ పెట్టకూడదు."

"నేనొచ్చి చెప్తాను. తీసింది నేనని చెప్తాను."

"ఎవరినని చెప్తావు? కంపెనీ ఇంజనీరునని చెప్తావా? మా అయ్య కొక్కెం కంపెనీవాడి సంచిలోకి వెళ్ళిందని చెప్తావా? ఇంకేం, పోలీసులక్కర్లేదు, మావాళ్ళే చంపేస్తారు."

అతను రేవు మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే. నాకు అతని మీద జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కొక్కేన్ని నా పచ్చళ్ళ సంచిలో వేసుకున్నాను. ఆడది ముట్టకూడనిదాన్ని అప్పుడే మొదటిసారి ముట్టాను. దారంతా ఒకటే అనుకున్నాను: జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను, నా పరువు పోతే పోనీ, అయ్య మాట నిలబడితే చాలు.

నేను వెళ్ళేసరికి లైనంతా గుడి చుట్టూ ఉంది. దిమ్మ మీద కొక్కేలన్నీ వరసగా ఉన్నాయి. మొదటి చోట మాత్రం పసుపులో కొక్కెం అచ్చు మిగిలి ఉంది, వంపుతో సహా. ఎవరిదో అడగాల్సిన పని లేదు, అది మా ఇంటి చోటు. మధ్యలో అయ్య నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. మావయ్య ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సెప్పు బావా. నీ కొక్కిం ఎక్కడ? ఎవులు తీసినారు?"

"నాకేటి తెల్సు? అమ్మోరి తోడు, నాకు తెలీదు."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంట" అని వెనకనుంచి ఎవరో అన్నారు. జనాన్ని తోసుకుని ముందుకెళ్ళాను.

"మావయ్యా, అయ్య తీయలేదు. తీసిన మనిషి నాకు తెలుసు. నేను సెప్తాను."

ఒక్కసారి అందరి తలలూ నా వైపు తిరిగాయి. అయ్య కూడా తిరిగాడు. ముందు నా ముఖం చూశాడు, తర్వాత నా భుజాన సంచి చూశాడు. పచ్చడి సీసాల బరువుకీ ఇనుము బరువుకీ సంచి వేలాడడంలో తేడా ఆయనకి ఎవరు చెప్పాలి? నేను నోరు తెరిచేలోగా రెండంగల్లో వచ్చి సంచి లాక్కుని, కొక్కెం బయటికి తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

"నానే తీసినాను. దీని సేతికిచ్చి దాసమన్నాను. నాకు బయమేసింది. రేప్పొద్దున్న నాను పన్లోకెల్తాను."

"అయ్యా!" అని అరిచాను. "అబద్దం! అది..."

చెంప పగిలేలా కొట్టాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే. "నోర్ముయ్. ఇంట్లోకెల్లు" అన్నాడు. అమ్మ నన్ను జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోయింది. వెనక మావయ్య మాట వినిపించింది, కేకలు వేసి వేసి బొంగురుపోయిన గొంతుతో: "ఐతే ఈయాల్టి నుంచి నీకూ జట్టుకీ సెల్లు." ఎవరో ఉమ్మేసిన చప్పుడు కూడా వినిపించింది.

సాయంత్రం అయ్య మంచం మీద కూర్చుని, కొక్కెం ఒళ్ళో పెట్టుకుని, ట్యూబు మీది పసుపు గోటితో గీకుతున్నాడు. నేను ఏడ్చి ఏడ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. గీకుతూనే అడిగాడు.

"ఆ గుంటడు మంచోడేనా?"

లాంచీలో మమ్మల్ని ఎప్పుడో చూశాడట. అమ్మకి కూడా చెప్పాడట. నా నోటితో నేనే చెప్తానని ఇద్దరూ ఎదురు చూస్తున్నారట.

"మంచోడే అయ్యా. తెలివే లేదు."

"తెలివిదేటుంది, వస్తాది" అన్నాడు. "కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది గుంటా. నీ పేరు ఆల నోట్లో పడితే ఇంక బతకనివ్వరు. నాదేటుంది, ముసిలోణ్ణి."

పన్లోకి వెళ్తానన్నాడు కానీ వెళ్ళలేదు. మర్నాడు యార్డు మొత్తం పట్టాల మీద కూర్చుంది. మా గదిలోకి నినాదాలు వినిపిస్తూనే ఉన్నాయి. అందులో సగం అయ్య కట్టినవే. గోడకి ఆనుకుని కూర్చుని, శబ్దం రాకుండా పెదాలు కదిపాడు. ప్రతి నినాదానికీ కదిపాడు. పోలీసులూ వచ్చారు, గేటు దగ్గర నిలబడి టీ తాగి వెళ్ళారు. కొక్కేల జోలికి ఎవరూ పోలేదు. మీటింగులో ఎవడో కూసిన కూతకి మా ఇల్లు కూలింది.

అన్నిటికంటే ఘోరం, జట్టు వాళ్ళు గెలిచారు. ఓడిపోయుంటే అందరితో పాటు మేమూ ఓడేవాళ్ళం, అదొక ఓదార్పు. కంపెనీ దిగొచ్చింది, లైన్ నిలిచింది, జట్టుకి పని నిలిచింది. అమ్మోరి ముందు కొక్కేలు తీసుకుని, డప్పులు కొట్టుకుంటూ యార్డులోకి వెళ్ళారు. మా గది ఖాళీ చేయమని మాత్రం కబురొచ్చింది. లైన్ బయట, కాలవ పక్కన, ఒక గది అద్దెకి తీసుకున్నాం. అయ్య ఆ వయసులో కూరగాయల మార్కెట్లో ఒంటరిగా మూటలు మోశాడు. జట్టుతో ఎత్తినవాడికి ఒంటరిగా ఎత్తడం చేతకాదు. ఎవరూ కేక వేయకపోతే బరువు లేవదు. మూట దగ్గర వంగి ఒక్క క్షణం ఆగేవాడు, కేక కోసం. నేను చూశాను.

అతను పెళ్ళి చేసుకుందామన్నాడు. ఈసారి వాళ్ళమ్మకి కూడా చెప్పేశాడు, వాళ్ళు కాదన్నా సరేనన్నాడు. నేనే ఒప్పుకోలేదు. కంపెనీవాణ్ణి నేను చేసుకున్ననాడు లైనంతా ఏమంటుంది? అల్లుడి కోసం మామ జట్టుని అమ్ముకున్నాడంటుంది. అయ్య చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంటుంది. నా దారి తెరవడానికి ఆయన అన్న ఒక్క మాట నా దారికే అడ్డం పడింది. అతనికి ఆఖరిసారి రేవులోనే చెప్పాను. తర్వాత వేరే ఊరు వెళ్ళిపోయాడు. పెళ్ళయిందని విన్నాను. అతని మీద కోపం లేదు. ప్రేమ పోయిందని చెప్తే మాత్రం అబద్ధమే.

అయ్య వానాకాలంలో పోయాడు. మూట కింద గుండె ఆగిపోయిందట. మా లైన్‌లో మనిషి పోతే జట్టు మోస్తుంది, సర్దారు కేక వేస్తే ఒకే అడుగుతో లేస్తుంది పాడె. మా అయ్యకి బెంగాలీ ఇరుగుపొరుగు ముగ్గురు, నాలుగో భుజం నాది. ఘాట్‌కి పోయే దారి లైన్ ముందు నుంచే. జట్టంతా గేటు దగ్గర వరసగా నిలబడి ఉంది, తలగుడ్డలు తీసేసి. నాకు మండుకొచ్చింది. పాడె దింపించి మావయ్య ముందుకెళ్ళాను.

"ఇప్పుడైనా వినండి. కొక్కెం మా అయ్య తీయలేదు. తీసింది నేను మనసిచ్చిన మనిషి. కంపెనీ ఇంజనీరు."

మావయ్య నేల చూపులు చూస్తూ అన్నాడు. "తెల్సునే గుంటా."

"ఏటి తెలుసు?"

"మాయమ్మ అరుగు మీంచి సూసి ఆ దినవే సెప్పింది, పేంటు సొక్కా బాబొకడొచ్చి దండవెట్టి తీసుకుపోనాడని. అందరికీ తెల్సు. బావ అమ్మోరి కాడ తన నోటితో నానేనన్నాక మేవెవులం కాదనడానికి? కాదంటే నీ పేరొచ్చీది. నిన్ను కాసుకోమనే గదా ఆడి బాద."

అంటే అందరికీ తెలుసు. తెలిసే ఉమ్మారు, తెలిసే గది ఖాళీ చేయించారు, తెలిసే ఆ ముసలాణ్ణి మార్కెట్లో ఒంటరిగా మూటల దగ్గర వంగనిచ్చారు. నా పేరు కోసమట! నా పేరు కాపాడమని ఎవరడిగారు? నన్నొక్క మాట మాట్లాడనిచ్చారా? మా అయ్య, మావయ్య, జట్టు, అతను, అందరూ నన్ను కాపాడినవాళ్ళే. నన్ను అడిగినవాడు ఒక్కడు లేడు. ఆ మాటే గేటు దగ్గర నిలబడి, నాకు తెలిసిన మూడు భాషల్లోనూ తిట్టి చెప్పాను. ఎవరూ తల ఎత్తలేదు. మళ్ళీ పాడె కిందికి భుజం పెట్టాను. తడి వెదురు, ఒక పట్టాన లేవలేదు. అప్పుడు వెనకనుంచి మావయ్య గొంతు పగిలిపోతూ కేక వేసింది, "ఐలేసా" అని. లేచింది. అంతే, ఆయన ఒక్క అడుగు ముందుకు రాలేదు. కట్టు కట్టే.

ఇప్పుడు అమ్మ లేదు. పచ్చళ్ళు నేనే పడుతున్నాను. లేబుళ్ళు నేనే రాసుకుంటాను. మళ్ళీ లైన్ పక్కకే, గుడి కనిపించే చోటికే వచ్చి షెడ్డు పెట్టాను. ఎండుమిరపకాయల గోనెలు వ్యాన్‌లో వస్తాయి. అయ్య కొక్కెం గోడ మేకుకి ఉంటుంది, అదే ట్యూబుతో. తీసి, గోనెకి గుచ్చి, పట్టపగలు అందరూ చూస్తుండగా లాక్కుపోతాను. ఆడది కొక్కెం ముట్టకూడదని చెప్పడానికి ఇంతవరకూ ఎవరూ నా గుమ్మంలోకి రాలేదు.